ఒంటరిగా ప్రయాణించే మహిళలు – నగరంలో బస ప్రాంతం ఎంపిక: హైదరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరీక్షలు, పరిశోధన, ఉద్యోగం, వైద్యం వంటి అవసరాల కోసం మహిళలు తోడు లేకుండా నగరాలకు రావడం నేడు సర్వసాధారణమైంది. అలా వచ్చేవారు ముందుగా అడిగే ప్రశ్న “ఏ ప్రాంతం సురక్షితం?” అన్నది. ఒక ప్రాంతం మొత్తానికి ‘సురక్షితం’, ‘ప్రమాదకరం’ అని పేరు పెట్టడంలోని పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది. వీధి భద్రతను నిర్ణయించే అంశాలను నగర అధ్యయనాల వెలుగులో వివరించి, వాటిని హైదరాబాద్‌లోని కొన్ని ప్రాంతాలకు అన్వయిస్తుంది. చట్టం కల్పించిన రక్షణలను, భద్రత పేరుతో మహిళలు చెల్లిస్తున్న మూల్యాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఒంటరి ప్రయాణం, వీధి భద్రత, బస, హైదరాబాద్, ప్రజారవాణా, షీ టీమ్స్, జీరో ఎఫ్.ఐ.ఆర్.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో తొలి యాత్రారచనగా ప్రసిద్ధి పొందిన ‘కాశీయాత్ర చరిత్ర’ కర్త ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో పెద్ద పరివారంతో ప్రయాణించాడు. ఆ కాలంలో దూరప్రయాణమంటే బృందప్రయాణమే. దారిలో సత్రం, వెంట మనుషులు, చేతిలో పరిచయలేఖ ఉంటేనే ప్రయాణం క్షేమమనుకునేవారు. స్త్రీ విషయంలో ఈ ‘తోడు’ మరింత అనివార్యమైన నియమంగా నిలిచింది. ఊరు దాటాలంటే తండ్రో, అన్నదమ్ములో, భర్తో వెంట ఉండాలన్న నియమం ఇప్పటికీ అనేక కుటుంబాలలో పూర్తిగా తొలగిపోలేదు.

భాష కూడా ఈ స్థితిని ప్రతిబింబిస్తుంది. తెలుగునాట ‘ఒంటరి మహిళ’ అన్న మాటకు ప్రభుత్వ పరిభాషలో ఆదరణ లేని స్త్రీ అన్న అర్థం స్థిరపడింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ఒంటరి మహిళల పింఛను ఇందుకు ఉదాహరణ. తన పని మీద, తన ఇష్టంతో ఒక్కతే ప్రయాణించే స్త్రీని సూచించడానికి తెలుగులో ప్రత్యేకమైన, గౌరవప్రదమైన పదం ఇంకా ఏర్పడలేదు. అందువల్ల ఈ వ్యాసంలో ‘ఒంటరిగా ప్రయాణించే మహిళ’ అన్న పదబంధం ప్రయుక్తమైంది.

తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో దస్త్రాలు చూడవలసిన పరిశోధక విద్యార్థిని, చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర గది తీసుకుని పోటీపరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థిని, గచ్చిబౌలిలో మౌఖిక పరీక్షకు హాజరయ్యే ఉద్యోగార్థిని – వీరందరి ముందు మొదట నిలిచే సమస్య బస. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, ఏ వేళకు తిరిగి చేరాలి అన్న నిర్ణయాలు వారి పని ఫలితాన్ని కూడా ప్రభావితం చేస్తాయి. కాబట్టి దీనిని వ్యక్తిగత జాగ్రత్తకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడటం సరిపోదు. విద్యావకాశాలకు, పౌరహక్కులకు సంబంధించిన అంశంగా కూడా పరిగణించాలి.

2. ‘సురక్షిత ప్రాంతం’ అనే భావన – పరిమితులు:

2.1 నేర గణాంకాలు:
ఒక ప్రాంతంలో నమోదైన కేసుల సంఖ్యను బట్టి భద్రతను అంచనా వేయడం తేలిక మార్గంగా కనిపిస్తుంది. అయితే వీధి వేధింపులలో చాలా భాగం పోలీసుల దాకా వెళ్లదు. ఫిర్యాదు చేసేవారు ఎక్కువగా ఉన్న చోట కేసులు ఎక్కువగా నమోదవుతాయి. నోరు విప్పలేని చోట సంఖ్య తక్కువగా కనిపిస్తుంది. పైగా రోజూ లక్షలమంది తిరిగే కూడలికీ, కొద్దిమంది మాత్రమే ఉండే కాలనీకీ కేసుల సంఖ్యను నేరుగా పోల్చడం శాస్త్రీయం కాదు.

మరొక విషయం గమనించదగినది. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా ప్రకటించే నివేదికల ప్రకారం దేశంలో నమోదయ్యే అత్యాచార కేసులలో 90 శాతానికి పైబడి నిందితులు బాధితులకు తెలిసినవారే. అంటే ‘బయట ప్రమాదం, ఇంట్లో క్షేమం’ అన్న సాధారణ విశ్వాసాన్ని గణాంకాలు సమర్థించడం లేదు. ఇది వీధిలోని ప్రమాదాన్ని కొట్టివేయదు. భయాన్నంతటినీ వీధి మీదే మోపడం సరికాదని మాత్రం తెలియజేస్తుంది.

2.2 ప్రాంతాల ప్రతిష్ఠ:
ప్రాంతాలకు మంచి పేరు, చెడ్డ పేరు రావడంలో వర్గం, మతం, ఆర్థికస్థాయి పాత్ర పెద్దది. విశాలమైన రోడ్లు, అద్దాల భవనాలు ఉన్న చోటును సురక్షితమని, ఇరుకైన గల్లీలు ఉన్న పాతబస్తీని ప్రమాదకరమని భావించడం పరిపాటి. కానీ 2013 అక్టోబరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబ్ అనుకుని ఎక్కిన కారులో అపహరణకు, అత్యాచారానికి గురైన ‘అభయ’ ఘటన మొదలైంది మాదాపూర్‌లోనే. దీనికి భిన్నంగా, రంజాన్ మాసంలో చార్మినార్ పరిసరాల రాత్రి బజారులో పొద్దుపోయేదాకా కుటుంబాలతోను, స్నేహితురాళ్లతోను మహిళలు పెద్దసంఖ్యలో తిరుగుతారు. ప్రతిష్ఠ, భద్రత ఎల్లవేళలా ఒకే దారిలో నడవవని ఈ రెండు ఉదాహరణలు సూచిస్తాయి.

3. వీధి భద్రతను నిర్ణయించే అంశాలు:

3.1 వీధి మీద చూపు:
అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ప్రచురించిన ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ గ్రంథంలో వీధి భద్రతకు మూడు లక్షణాలను పేర్కొంది. సొంత స్థలానికీ బహిరంగ స్థలానికీ మధ్య స్పష్టమైన హద్దు ఉండటం మొదటిది. వీధి వైపు చూసే కళ్లు, అంటే ఇళ్లు, దుకాణాలు వీధికి అభిముఖంగా ఉండటం రెండవది. నడిచేవారు దాదాపు ఎడతెగకుండా ఉండటం మూడవది. ఈ సూత్రం తెలుగు పట్టణాలకు కొత్తది కాదు. అరుగు మీద కూర్చున్న పెద్దవారు, కిరాణా కొట్టు యజమాని, ఇస్త్రీ బండి దగ్గరి మనిషి – వీరి చూపే వీధికి కాపలాగా పనిచేసేది.

అయితే ఈ చూపుకు రెండో ముఖం ఉంది. ముంబయి నగరాన్ని అధ్యయనం చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో వెలువరించిన ‘వై లోయిటర్?’ గ్రంథంలో దీనిని విశ్లేషించారు. భారతీయ నగరంలో స్త్రీ బయట కనిపించాలంటే ఏదో ఒక పని మీద వచ్చినట్లు నిరూపించుకోవలసి వస్తుందని, మర్యాదస్తురాలిగా కనిపించడం భద్రతకు షరతుగా మారిందని వారి వాదన. ఆపదలో ఆదుకునే చూపే, మరో వేళ ‘ఈ అమ్మాయి ఇంత ఆలస్యంగా ఎక్కడినుంచి వస్తోంది?’ అని ఆరా తీసే చూపు అవుతుంది. బస ప్రాంతాన్ని ఎంచుకునే మహిళ ఈ రెండింటినీ బేరీజు వేసుకోవలసి వస్తుంది.

3.2 భద్రతా పరిశీలన నడక:
ఒక ప్రాంతాన్ని మహిళలే స్వయంగా నడిచి అంచనా వేసే పద్ధతి 1989లో కెనడాలోని టొరంటో నగరంలో రూపొందింది. భారతదేశంలో జాగోరి సంస్థ ఢిల్లీలో ఈ పద్ధతిని అనుసరించింది. 2013లో వచ్చిన సేఫ్టీపిన్ అనే మొబైల్ యాప్ దీనిని తొమ్మిది అంశాలుగా క్రోడీకరించింది. వెలుతురు, స్థలం తెరిపిగా ఉండటం, ఇతరుల చూపుకు అందడం, జనసంచారం, కాపలా, నడకదారి, ప్రజారవాణా, ఆ చోట స్త్రీల ఉనికి, నడిచేవారికి కలిగే అనుభూతి అన్నవి ఆ తొమ్మిది. వీటిలో ఎనిమిదవది ప్రత్యేకంగా గమనించదగినది. జనం ఉంటే చాలదు, ఆ జనంలో స్త్రీలు ఉన్నారా అన్నది ముఖ్యం. మద్యం దుకాణం ముందు గుమిగూడిన జనమూ జనమే, టిఫిన్ బండి దగ్గర నిలబడిన విద్యార్థినులూ జనమే. కానీ ఒంటరిగా నడిచే స్త్రీకి ఈ రెండూ ఒకటి కావు.

3.3 రెండు రకాల ముప్పు:
వీధిలో ఎదురయ్యే ముప్పును రెండుగా విభజించి చూడటం అవసరం. తాకడం, వెకిలి మాటలు, వెంటపడటం వంటి వేధింపులు మొదటి రకం. ఇవి కిక్కిరిసిన బస్సులలో, బస్టాపులలో, బజార్లలో ఎక్కువ. రద్దీయే నేరగాడికి ముసుగు. దాడి, అపహరణ వంటి తీవ్రనేరాలు రెండవ రకం. ఇవి నిర్జన ప్రదేశాన్ని, చీకటిని ఆశ్రయిస్తాయి. రద్దీ పెరిగితే మొదటిది పెరుగుతుంది, రద్దీ తగ్గితే రెండవదానికి అవకాశం పెరుగుతుంది. ‘జనం ఉన్న చోటుకు వెళ్లు’, ‘జనం లేని చోట ఉండు’ అనే పరస్పర విరుద్ధ సలహాలు ఒకే ఇంట్లో వినిపించడానికి కారణం ఇదే. ఒక్కొక్క సలహా ఒక్కొక్క ముప్పును మాత్రమే దృష్టిలో పెట్టుకుంటుంది. రెండింటినీ తగ్గించే చోటు మధ్యస్థంగా ఉంటుంది. ఒరుసుకోనంత ఖాళీ, పిలిస్తే పలికేంత జనం ఉన్న వీధి అది.

4. హైదరాబాద్ ప్రాంతాలు – అన్వయం:

4.1 దిగే చోటు:
బస ఎంపిక దిగే చోటు నుంచే మొదలవుతుంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్, జూబ్లీ బస్ స్టేషన్ – ఈ రెండూ 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన మెట్రో మార్గంతో అనుసంధానమయ్యాయి. సికింద్రాబాద్, నాంపల్లి రైల్వేస్టేషన్లకు చేరువలో మెట్రో స్టేషన్లు ఉన్నాయి. శంషాబాద్ విమానాశ్రయానికి మెట్రో లేకపోయినా ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ పరిస్థితి వేరు. అది నగరానికి తూర్పు అంచున, మెట్రో మార్గానికి దూరంగా ఉంది. తెల్లవారుజామున అక్కడ దిగే మహిళకు నగరంలోని బస దాకా సాగే ప్రయాణమే అన్నిటికన్నా క్లిష్టమైన దశ. కాబట్టి టికెట్టు తీసుకునేటప్పుడు రైలు బయలుదేరే వేళ కన్నా అది చేరే వేళను, చేరే స్టేషన్‌ను ముందుగా చూడటం మేలు.

4.2 అమీర్‌పేట – ఎస్.ఆర్. నగర్:
అమీర్‌పేటలో మియాపూర్–ఎల్.బి. నగర్, నాగోల్–రాయదుర్గం మెట్రో మార్గాలు కలుస్తాయి. శిక్షణ సంస్థల వల్ల చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్లు పెద్దసంఖ్యలో వెలిశాయి. టిఫిన్ సెంటర్లు, మందుల దుకాణాలు, జిరాక్స్ కేంద్రాలు పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. వీధిలో యువతుల సంచారం ఎక్కువ కాబట్టి కొత్తగా వచ్చిన అమ్మాయి ప్రత్యేకంగా ఎవరి కంటా పడదు. ఇరుకు గదులు, విపరీతమైన రద్దీ, ఆ రద్దీలోని వేధింపులు ఈ ప్రాంతపు లోపాలు.

4.3 చిక్కడపల్లి – అశోక్‌నగర్, తార్నాక:
నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ పోటీపరీక్షల అభ్యర్థుల వల్ల ఏర్పడిన ప్రత్యేక వాతావరణం చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలది. నివాసగృహాలు, దుకాణాలు కలగలిసి ఉండటం వల్ల జేకబ్స్ చెప్పిన ‘వీధి మీద చూపు’ ఇక్కడ సహజంగా లభిస్తుంది. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, పురావస్తు పత్రాగారం, మెట్రో స్టేషన్ దగ్గరదగ్గరగా ఉండటం పరిశోధకులకు అనుకూలం. అయితే విశ్వవిద్యాలయ ప్రాంగణం విశాలమైనది. పగలు ఆహ్లాదంగా ఉండే చెట్ల నీడల దారులు చీకటి పడగానే నిర్మానుష్యమవుతాయి.

4.4 పశ్చిమ ప్రాంతం:
మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో రోడ్లు విశాలం, వెలుతురు సమృద్ధం. కానీ ఎత్తైన ప్రహరీలు, ప్రవేశద్వారాల వెనుక ఉండే నివాససముదాయాలు, ఫ్లైఓవర్లు నడకకు అనుకూలం కావు. ఇళ్లు వీధికి వెన్ను చూపుతాయి. రాత్రి విధుల్లో ఉన్న ఉద్యోగినులను సంస్థల వాహనాలు గుమ్మం దగ్గర దింపుతాయి. ఇది వారికి మేలు చేసే ఏర్పాటే. కాని దానివల్ల వీధిలో నడిచే మహిళల సంఖ్య తగ్గి, అలాంటి వాహనం లేని మహిళకు అదే వీధి మరింత నిర్జనమవుతుంది. మెట్రో రాయదుర్గంతో ఆగిపోవడం వల్ల హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు ఆపై దూరాన్ని బస్సులోనో, ఆటోలోనో దాటాలి.

4.5 కోఠి – అఫ్జల్‌గంజ్:
చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం, సుల్తాన్‌బజార్ దుకాణాలు, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వల్ల ఈ ప్రాంతంలో పగటివేళ మహిళల సంచారం చాలా ఎక్కువ. ఇది ప్రధానంగా వ్యాపార ప్రాంతం. దుకాణాలు మూతపడగానే వీధి స్వభావం మారిపోతుంది. పగటి పనికి అనువైన చోటు రాత్రి బసకు అనువుగా ఉండాలన్న నియమం లేదు. ఇక్కడ పని చూసుకుని మెట్రోలో వేరే ప్రాంతానికి చేరడం ఉచితంగా ఉంటుంది.

పై పరిశీలన వల్ల ఒక అంశం స్పష్టమవుతుంది. ప్రాంతం పేరు కన్నా మెట్రో స్టేషన్ లేదా బస్టాపు నుంచి బస గుమ్మం దాకా ఉండే చివరి దూరమే కీలకం. ఐదు నిమిషాల వెలుతురు దారి ఉన్న సాధారణ హాస్టల్, ఇరవై నిమిషాల చీకటి దారి ఉన్న ఖరీదైన హోటల్ కన్నా మెరుగు. ఆ దారిని పగలు ఒకసారి, పొద్దుగూకిన తరువాత ఒకసారి చూసుకున్నాకే ఎక్కువ రోజుల బసకు డబ్బు కట్టడం వివేకం.

5. బస – నియమాలు, హక్కులు:
లాడ్జిలలో ఒంటరి మహిళకు గది నిరాకరించిన అనుభవాలు తరచుగా వినిపిస్తాయి. పెళ్లి కాని స్త్రీకి గాని, ఒంటరిగా వచ్చిన స్త్రీకి గాని గది ఇవ్వరాదని చెప్పే చట్టం ఏదీ దేశంలో లేదు. గుర్తింపుపత్రం చూపడం, రిజిస్టరులో వివరాలు రాయడం మాత్రమే తప్పనిసరి. గదిలో రహస్యంగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

హాస్టళ్ల విషయంలో గేటు మూసే వేళ ప్రధానమైన సమస్య. రాత్రి తొమ్మిది, పది గంటలకు గేటు మూస్తారన్న నిబంధన భద్రత కోసమే ఏర్పడినా, రైలు ఆలస్యమైన రోజున అదే నిబంధన అమ్మాయిని వీధిలో నిలబెడుతుంది. ఆలస్యంగా వచ్చినవారికి తలుపు తీసే మనిషి ఉన్నారా అన్న ప్రశ్నను అద్దె మాట్లాడేటప్పుడే అడగాలి. ఉద్యోగినుల కోసం కేంద్రప్రభుత్వం నిర్వహించే హాస్టల్ పథకానికి మిషన్ శక్తి కింద ‘సఖీ నివాస్’ అని పేరు పెట్టారు.

6. చట్టం – సహాయ వ్యవస్థలు:
2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక సమర్పించింది. అదే సంవత్సరం వచ్చిన సవరణచట్టం వెంటపడటాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు 75వ సెక్షన్ కింద, వెంటపడటం 78వ సెక్షన్ కింద, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలు, సైగలు 79వ సెక్షన్ కింద శిక్షార్హం.

హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ ప్రారంభమయ్యాయి. సాధారణ దుస్తులలో ఉండే పోలీసులు బస్టాపులు, కళాశాలలు, బజార్ల వద్ద నిఘా ఉంచి వేధింపులకు పాల్పడేవారిని ఆధారాలతో పట్టుకోవడం ఈ బృందాల పద్ధతి. పైన చెప్పిన మొదటి రకం ముప్పును ఇది సూటిగా ఎదుర్కొంటుంది. ఒంటరిగా రైలులో ప్రయాణించే మహిళల కోసం రైల్వే రక్షణదళం 2020లో ‘మేరీ సహేలీ’ కార్యక్రమాన్ని దేశమంతటా విస్తరించింది. రైలులో 139, అత్యవసర వేళ 112, మహిళల సహాయానికి 181 నంబర్లు పనిచేస్తాయి.

2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో జరిగిన ‘దిశ’ ఘటనలో, కుటుంబం ఫిర్యాదు చేయడానికి వెళ్లినప్పుడు స్టేషన్ పరిధి గురించిన వివాదంతో కాలం గడిచిందన్న విమర్శ వచ్చింది. ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు స్వీకరించే ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ విధానానికి ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ స్పష్టమైన ఆధారం కల్పించింది. నగరం కొత్తదై, తాను ఏ స్టేషన్ పరిధిలో ఉన్నదో తెలియని ప్రయాణికురాలికి ఈ నిబంధన ఎంతో అవసరమైనది.

7. భద్రతకు చెల్లించే మూల్యం:
భద్రత కోసం మహిళలు వదులుకునేవి లెక్కలలోకి రావు. ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థినులపై ఆర్థికశాస్త్రవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం ఈ లోటును కొంత పూరించింది. సురక్షితమనిపించే దారి కోసం విద్యార్థినులు ప్రమాణాలలో తక్కువైన కళాశాలను ఎంచుకోవడానికి, ప్రయాణానికి ఎక్కువ ఖర్చు పెట్టడానికి సిద్ధపడుతున్నారని, విద్యార్థులలో ఈ ధోరణి అంతగా లేదని ఆ అధ్యయనం తేల్చింది.

తెలుగు రాష్ట్రాలలో ఈ మూల్యంలో ఒక భాగాన్ని ప్రభుత్వాలు తగ్గించాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం ద్వారా ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం లభించింది. దీనివల్ల బస్సులలో స్త్రీల సంఖ్య పెరిగింది. స్త్రీల ఉనికే భద్రతకు ఒక అంశమని ముందే గమనించాం. అయితే బస్సు దిగిన తరువాతి దూరానికి ఆటోకు డబ్బు పెట్టవలసిన స్థితి అలాగే ఉంది. పేద విద్యార్థినికి ఆ ఆటో ఛార్జీయే గ్రంథాలయం నుంచి పొద్దువాలకముందే లేచి రావడానికి కారణమవుతుంది.

పరిశోధనరంగంలో దీని ప్రభావం లోతైనది. సాయంత్రం సమావేశానికి ఉండలేకపోవడం, దూరప్రాంతపు క్షేత్రపర్యటనను మానుకోవడం, దగ్గరలో దొరికే ఆకరాలకే అంశాన్ని కుదించుకోవడం వంటివి బయటికి ‘ఆమె ఇష్టం’గా కనిపిస్తాయి. పర్యవేక్షకులు, కళాశాలలు వీటిని శ్రద్ధాలోపంగా భావించకుండా, ప్రయాణభత్యంలో చివరి దూరపు ఖర్చును చేర్చడం, సదస్సులను పగటివేళకు ముగించడం, అతిథిగృహాలలో మహిళా పరిశోధకులకు గదులు కేటాయించడం వంటి చర్యలు చేపట్టవచ్చు.

8. ముగింపు:
పై చర్చ ఆధారంగా ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. ఒక ప్రాంతం మొత్తం సురక్షితమనో, ప్రమాదకరమనో చెప్పడం శాస్త్రీయం కాదు. వేళ, దారి, జనసంచార స్వభావం కలిసి భద్రతను నిర్ణయిస్తాయి.
2. రద్దీలోని వేధింపు, నిర్జనంలోని దాడి వేర్వేరు స్వభావాలు గల ముప్పులు. ఒకదానికి చెప్పే జాగ్రత్త మరొకదానికి వర్తించదు.
3. బసను ఎంచుకునేటప్పుడు ప్రాంతపు ప్రతిష్ఠ కన్నా చివరి దూరపు వెలుతురు, తెరిచి ఉండే దుకాణాలు, అక్కడ స్త్రీల ఉనికి ముఖ్యమైన కొలమానాలు.
4. జీరో ఎఫ్.ఐ.ఆర్. వంటి రక్షణలు చట్టంలో ఉన్నాయి. వాటి గురించిన అవగాహన కళాశాలల స్థాయిలో పెరగాలి.
5. జాగ్రత్త భారమంతా మహిళ మీదే మోపితే ఆమె విద్య, ఉపాధి అవకాశాలు కుంచించుకుపోతాయి. వీధిదీపం, నడకదారి, రాత్రి బస్సు కల్పించవలసిన బాధ్యత నగరపాలనది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని సామెత. ఆడపిల్లకు మాత్రం దీపం పెట్టేలోగా ఇల్లు చేరాలన్న బోధనే తరతరాలుగా అందుతోంది. దారిలో దీపం పెట్టవలసిన బాధ్యతను కూడా అంతే గట్టిగా గుర్తుచేసిన నాడు, ప్రయాణానికి ముందు ఆమె అడిగే మొదటి ప్రశ్న తన పనికి సంబంధించినదై ఉంటుంది.